సింహం మీసం ఊడిన రోజు

వరి బదులు మరువం, జొన్న బదులు దవనం పండించుకునే ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు దవనపురి. ఆ దారిన పోయే బాటసారి కళ్ళు మూసుకుని నడిచినా, ఊరు వచ్చిందని అతని ముక్కు చెప్పేది.

అక్కడ ప్రతి వీధి చివరా ఒక బట్టీ ఉండేది. రాగి కాగుల్లో ఆకులు ఉడికించి, ఆవిరిని చల్లార్చి, నీటి మీద తేలిన నూనెను జాగ్రత్తగా తీసి బుడ్డికెత్తేవారు. తలనొప్పికి ఒక నూనె, నిద్ర పట్టనివారికి ఒకటి, పసిపిల్లల రొంపకు మరొకటి.

ఆ రాజ్యాన్ని ఉద్దండవర్మ మహారాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాని ఆయన బిరుదులన్నీ చదివేసరికి భట్టుగారికి గొంతు ఎండిపోయేది. ఒక్క బిరుదు తప్పిపోతే రాజుగారు మళ్ళీ మొదటినుంచి చదివించేవారు.

ఒకసారి పరదేశపు వర్తకుడొకడు సభకు వచ్చి, "మీ ఊరి నూనెలో కల్తీ ఉంది ప్రభూ" అన్నాడు. రాజుగారికి ఒళ్ళు మండిపోయింది.

"నా రాజ్యంలో కల్తీయా? రేపటినుంచి ప్రతి బుడ్డి మీదా నా ముద్ర ఉంటుంది. ఆపైన ఎవడంటాడో చూస్తాను!"

అన్నట్టే ముద్ర తయారైంది. బుడ్డి పొట్ట మీద ఎర్రని లక్క, ఆ లక్క మీద మెలితిప్పిన మీసాలతో ఒక సింహం. ఆ మీసాలు ఎవరివో సభలో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. సింహం కింద ఒకే ఒక మాట, "అతిశుద్ధం."

దాంతోపాటు ఊరంతా టముకు వేయించారు. "సింహముద్ర ఉన్న బుడ్డి శుద్ధమైనది. దాన్ని వాడుకోవచ్చు గాని పరీక్షించరాదు. పరీక్షించినవాడు మహారాజుగారి మాటను శంకించినవాడు. అట్టివాడు రాజద్రోహి. పొలిమేర దాటించబడతాడు!"

ఆ రాజుగారి కొలువులో అక్కమాంబ అనే ఆవిడ ఉండేది. ఆవిడ భర్త ఆస్థానంలో చమత్కారాలు చెప్పేవాడు. ఆయన పోయాక ఆ ఆసనం ఆవిడకిచ్చారు. భర్త పది మాటల్లో నవ్వించేచోట ఆవిడ ఒక్క మాటతో నవ్వించేది. ఆ మాట కూడా అడిగితేనే.

నడివయసు దాటుతుండగా ఆవిడకు లేక లేక ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు చంద్రి. ఇంకా మాటలు కూడబలుక్కునే వయసు.

ఆ ఏడు మంచు ముందే దిగింది. చంద్రికి రొంప పట్టింది. రాజుగారు పండక్కి బహుమానంగా ఇచ్చిన మరువం నూనె బుడ్డి ఇంట్లోనే ఉంది. పొట్ట మీద సింహం నిగనిగలాడుతోంది. అక్కమాంబ మూత తీసి, అరచేతిలో వేసుకుని, పిల్ల గుండెల మీద రాసింది.

పిల్ల కెవ్వుమంది. రాసినచోట చర్మం నిప్పు తగిలినట్టు ఎర్రబడింది. తర్వాత ఏడుపు ఆగిపోయింది. ఏడవడానికి ఊపిరి అందలేదు మరి.

పక్కింటి వైద్యుడు పరుగున వచ్చాడు. పిల్లను గాలిలోకి తెచ్చి, నువ్వుల నూనెతో ఒళ్ళు తుడిచి, వెన్ను నిమిరాడు. ఎంతసేపటికో పిల్ల గట్టిగా ఒక ఊపిరి తీసుకుంది.

వైద్యుడు అరచేయి వాసన చూసుకుని చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఇది మరువం కాదు. పల్లకీల పాతరంగు కరిగించడానికి వాడే బంకనూనె. పైన మరువం వాసన పట్టించారు, అంతే."

"ముద్ర ఉంది" అంది అక్కమాంబ.

"ఉంది. అందుకే నేనేమీ అనలేదు. మీరేమీ వినలేదు" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆవిడ పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పిల్ల నిద్రపోయింది. ఆవిడ చేయి మాత్రం పిల్ల గుండెల మీదే ఉండిపోయింది, అవి లేచి పడుతున్నాయో లేదో చూసుకుంటూ.

అంతలో వీధిలో టముకు మోగింది.

"వినండహో! మహారాజుగారి జన్మదినం సందర్భంగా ఊళ్ళో పసిబిడ్డలున్న ప్రతి ఇంటికీ సింహముద్ర వేసిన మరువం నూనె బుడ్డి ఉచితం! పౌర్ణమి నాడు కోట వాకిట పంపిణీ!"

అక్కమాంబ పిల్లను దగ్గరికి లాక్కుంది. పౌర్ణమి ఎల్లుండే.

ఏం చేయాలి? నూనె మంచిది కాదంటే ముద్రను శంకించినట్టు. పొలిమేర దాటిస్తారు. దాటించినా సరే, ఆ మాట ఎవరైనా నమ్ముతారా అంటే అదీ లేదు. రాజద్రోహి మాట పట్టుకుని ఉచిత నూనెను ఎవరు వదులుకుంటారు? తాను పొలిమేర అవతల ఉంటుంది, బుడ్డీలు ఊళ్ళో ఉంటాయి. అదీ లాభం లేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లకు రాయడానికి కాస్త వెన్న కోసం కోటలోని స్నానశాలకు వెళ్ళింది. అక్కడ రాజుగారికి తలంటే బసివయ్య ఉన్నాడు. ముసలివాడు. రాజుగారి నాన్నగారికీ ఆయనే తలంటేవాడు.

వెన్న అందిస్తుంటే ఆయన ఎడమ ముంజేయి కనిపించింది. మోచేతి లోపలి నుంచి మణికట్టు దాకా మచ్చలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి.

"ఇదేమిటి బసివయ్యా?"

"ఏముందమ్మగారూ, ఇదే నా ఉద్యోగం" అని నవ్వాడు. "ఏ బుడ్డి వచ్చినా ముందు ఇక్కడ ఒక చుక్క వేసుకుని కూచుంటాను. చురుక్కుమనకపోతే దొరగారికి రాస్తాను. చురుక్కుమంటే ఆ మూలన పెడతాను."

"సింహముద్ర బుడ్డీలు కూడానా?"

బసివయ్య నవ్వు ఆగిపోయింది.

"అన్నీనమ్మగారూ. నా అంతట నేను కాదు సుమండీ. ముద్ర వచ్చిన కొత్తలో దొరగారి వీపు మీద బొబ్బ లేచింది. ఆ పూట కోట ఎగిరిపోయిందనుకోండి. 'ఇకమీదట ముందు నీ మీద రాసుకుని చూసి ఏడు' అన్నారు. అప్పటినుంచీ చూసి ఏడుస్తున్నా."

"మరి ఆ మూలన పెట్టినవి?"

"పారేయడానికి లేదు. సింహాన్ని పారేస్తే రాజద్రోహం. మూల నిండితే ముద్రాధికారి గుండనామాత్యులవారి మనుషులొచ్చి పట్టుకుపోతారు. బహుమానాలకీ వాటికీ పనికొస్తాయంట." ఆగి, "మొన్న చాలా పట్టుకుపోయారు. రేపు పసిపిల్లలకి పంచుతారంటగా" అన్నాడు.

అక్కమాంబ ఆ మూలకేసి చూసింది. తన బుడ్డి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

ఆయనకేసి తిరిగి అంది. "బసివయ్యా, రేపు సభకు పిలిపిస్తాను. అడిగినదానికి నిజం చెప్పు."

"నా మెడో, అమ్మగారూ?"

"నీ మెడకు నా మెడ అడ్డం."

ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదని బసివయ్యకు తెలుసు. అందుకే ఆ మాట నమ్మాడు.

మర్నాడు సభ నిండుగా ఉంది. భట్టుగారు బిరుదులు చదివి మంచినీళ్ళు తాగుతున్నారు. గుండనామాత్యుడు పంపిణీ ఏర్పాట్లు విన్నవించాడు. బుడ్డీలన్నీ కోట వాకిట పేర్చి ఉన్నాయనీ, ప్రతి దానిమీదా సింహం పుష్టిగా పడిందనీ చెప్పాడు. రాజుగారు మీసం దువ్వుకున్నారు.

అప్పుడు అక్కమాంబ లేచింది.

"ప్రభూ, ఒక రాజద్రోహిని పట్టివ్వడానికి వచ్చాను."

సభలో గుసగుసలు ఆగిపోయాయి. అడగకుండా ఆవిడ నోరు విప్పడమే వింత.

"ఎవడు వాడు? ఏం చేశాడు?" అన్నారు రాజుగారు.

"సింహముద్ర బుడ్డీలను పరీక్షిస్తున్నాడు. ఒకటి కాదు, వచ్చిన ప్రతిదాన్నీ."

"ఎంత పొగరు! ఎక్కడ?"

"కోటలోనే."

"నా కోటలోనా!" రాజుగారు సింహాసనం చేతి మీద గుద్దారు. ఆ చేతి మీద బంగారురంగూ నల్లరంగూ వేసి మెరుగుపెట్టిన సింహం ఉంది. ముద్ర మీద ఉన్న సింహమే, ఆ మీసాలతోనే. "పేరు చెప్పు. ఈ పూటే పొలిమేర దాటిస్తాను."

"ఎవరైనా సరేనా, ప్రభూ?"

"ఎవరైనా సరే!"

"తమకు దగ్గరివాళ్ళయినా?"

"నా నీడయినా సరే! ఉద్దండవర్మ మాటంటే మాట!"

"అయితే బసివయ్యను పిలిపించండి."

బసివయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్కమాంబ చెప్పగానే ఎడమ చేయి చాచాడు. ఆ మచ్చలు చూసి ముందు వరసలో వాళ్ళు మొహం తిప్పుకున్నారు.

"నిజమేనా? ముద్ర బుడ్డీలను పరీక్షిస్తున్నావా?" అన్నారు రాజుగారు.

"చిత్తం. పరీక్షిస్తున్నా దొరా."

"ఎవడు చెప్పాడు నీకు?"

బసివయ్య సభామండపం కప్పుకేసి చూశాడు. తర్వాత తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"చెప్పవయ్యా! నీ చేత ఈ ద్రోహం చేయించినవాడెవడు?"

"తమరే దొరా."

సభలో ఎవరికో దగ్గు వచ్చింది. దాన్ని మింగేశారు.

"వీపు మీద బొబ్బ లేచినప్పుడు..." అని బసివయ్య గుర్తుచేయబోయాడు.

"చాలు చాలు!" అన్నారు రాజుగారు. మొహం కందిపోయింది. "అది... అది శంక కాదు. అది జాగ్రత్త."

"చిత్తం" అంది అక్కమాంబ. "మరి ఊళ్ళో తల్లులు కూడా ఆ జాగ్రత్త పడవచ్చా?"

"కూడదు! వాళ్ళు పడితే అది శంక!"

అన్నాక ఆ మాట ఆయనకే వినిపించింది. గుండనామాత్యుడు ఒక్కడే తల ఊపాడు. అతనికి అలవాటు.

రాజుగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. సింహాసనం మీద నిటారుగా కూర్చున్నారు.

"సరే! ఉద్దండవర్మ తన ముద్రను తానే శంకించాడని రేపెవరూ అనకూడదు. ఇప్పుడే, మీ అందరి ఎదుట, పరీక్ష లేకుండా నా చేతికి రాయించుకుంటాను. తెండి ఒక బుడ్డి!"

"నా దగ్గర ఉంది ప్రభూ" అని అక్కమాంబ కొంగుచాటు నుంచి బుడ్డి తీసింది. "తమరు పండక్కి ఇచ్చిందే."

రాజుగారు కంకణాలు పైకి నెట్టుకుని, సింహాసనం చేతి మీద తన చేయి చాచారు. బసివయ్య మూత తీశాడు. ఆ వాసనకు భట్టుగారు తుమ్మారు. చామరం వీచే పిల్లకు కళ్ళనీళ్ళు కారాయి. చుట్టుపక్కల నిలబడ్డవాళ్ళు మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేశారు.

"వెయ్యి" అన్నారు రాజుగారు. గొంతు గంభీరంగానే ఉంది.

బసివయ్య బుడ్డి వంచాడు. మూతి దగ్గర చుక్క ఊరింది, పెద్దదైంది, వేలాడింది. చుక్క జారేలోపల రాజుగారి చేయి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

"కానీ, వెయ్యి!" అంటూనే ఉన్నారాయన. మాట అక్కడే ఉంది. చేయి మాత్రం ఒళ్ళోకి వచ్చి కూర్చుంది.

చుక్క వెళ్ళి సింహాసనపు సింహం మూతి మీద పడింది.

"అయ్యో, సింహం!" అని గుండనామాత్యుడు పరుగెత్తుకొచ్చి ఉత్తరీయంతో తుడిచాడు. తుడిచి చూస్తే, మెరుగుతో సహా రంగు కరిగి ఉత్తరీయానికి అంటుకుంది. సింహానికి ఎడమవైపు మీసం లేదు.

కంగారుపడి మళ్ళీ తుడిచాడు. కుడివైపు మీసం కూడా పోయింది.

మీసం లేని సింహం నోరు తెరుచుకుని రాజుగారికేసి చూస్తోంది. రాజుగారు తెలియకుండానే తన మీసం తడుముకున్నారు, ఉందో లేదో అన్నట్టు.

"గుండనామాత్యా" అన్నారు మెల్లగా. "ముద్ర వేసేముందు నువ్వు బుడ్డిలో ఏముందో చూడవా?"

"చూడను ప్రభూ. చూడటమంటే శంకించడమేగా!"

"వేసిన తర్వాత?"

"వేసిన తర్వాత చూస్తే రాజద్రోహం, ప్రభూ!"

"మరి ఎప్పుడు చూస్తావు?"

గుండనామాత్యుడు చాలాసేపు ఆలోచించాడు. "తమ ఆజ్ఞ ప్రకారం చూసే వేళంటూ లేదు ప్రభూ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చేయలేదు."

రాజుగారి పెదవి అదిరింది. మొదట కోపమనుకున్నారంతా. కాదు. ముందు బొజ్జ కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆపైన పెద్దగా నవ్వేశారు. "బట్టీలవాళ్ళు పోయాలి, నువ్వు ముద్ర కొట్టాలి, నేను మీసం తిప్పాలి! అందరికన్నా తెలివైనది నా చెయ్యి!" అని కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడుగాని సభ నవ్వలేదు.

అక్కమాంబ మాత్రం నవ్వలేదు.

రాజుగారు అది చూశారు. "అక్కమాంబా, ఈ మాట నాకు తిన్నగా చెప్పి ఉండవచ్చుగా?"

"చెబితే శంకించినట్టు, ప్రభూ."

"నిజమే" అని ఆయన బుడ్డికేసి చూశారు. అందులో నూనె కొంచెం తక్కువగా ఉంది. "ఇది నువ్వు వాడావా?"

"వాడాను."

"ఎవరికి?"

"నా బిడ్డకు."

రాజుగారి నవ్వు పోయింది. ఆ చిన్న పిల్ల ఆయనకు తెలుసు. ఒకసారి సభలో ఆయన మీసం పట్టుకుని లాగింది.

"ఎలా ఉంది?"

"ఊపిరి తీసుకుంటోంది."

అంతకన్నా ఆవిడ ఏమీ చెప్పలేదు. రాజుగారు సింహాసనం దిగి వచ్చి, ఆ బుడ్డిని తన చేతుల్లోకి తీసుకున్నారు. గోరుతో లక్కను పెకలించారు. సింహం ముక్కలై కింద రాలింది.

"వాకిట ఉన్న బుడ్డీలన్నీ ఇక్కడికి తెప్పించండి. నా ఎదుట మూతలు తీయండి. చెడ్డవి పోసిన బట్టీలు ఎవరివో కనుక్కోండి. అక్కమాంబా, నీకేం కావాలో కోరుకో. ఆలోచించి పెద్దదే కోరుకో."

"ఆ చెడ్డ నూనె పల్లకీలవాళ్ళకు ఇప్పించండి. పాతరంగు బాగా పోతుంది."

రాజుగారు మీసంలేని సింహాన్ని చూసి, "చూశాంగా" అన్నారు.

"సింహం కింద 'అతిశుద్ధం' తీసేయించండి. ఆ చోట ఏ ఆకు నూనె, ఏ బట్టీది, ఇంకేం కలిపారు, ఒంటికి రాయాలంటే ఎంత నువ్వుల నూనెలో ఎన్ని చుక్కలు వేయాలి, ఏ వయసువాళ్ళకు రాయకూడదు, అది రాయించండి."

"అంతా రాస్తే సింహానికి చోటెక్కడ?"

"సింహాన్ని కొంచెం చిన్నది చేయండి, ప్రభూ."

రాజుగారు ఒక్క క్షణం తల పైకెత్తారు. తర్వాత, "చేస్తాను" అన్నారు.

"మూత తీసి చూసుకునే హక్కు అందరికీ ఇవ్వండి."

"ఇచ్చాను. ఇదంతా ఊరికి. నీకేం కావాలి?"

"ముందు బసివయ్య చేతికి ఏదైనా ఇవ్వండి. ఇన్నాళ్ళూ తమ బొబ్బలన్నీ తనమీద వేసుకున్నాడు."

రాజుగారు తన ముంజేతి బంగారు కంకణం తీసి బసివయ్యకు తొడిగారు. ముసలివాడు దాన్ని కుడిచేతికి మార్చుకుంటూ, "ఎడమది పనిచెయ్యి లెండి దొరా" అన్నాడు.

"ఇప్పుడు చెప్పు. నీకు?"

అక్కమాంబ ఆలోచించింది.

"ఒక బుడ్డి నువ్వుల నూనె ఇప్పించండి. పిల్లకు తలంటాలి." ఒక్క క్షణం ఆగి అంది. "ముద్ర లేనిది."

రాజుగారి నవ్వు కోట వాకిట దాకా వినిపించిందట. నవ్వుతూనే మెడలోని ముత్యాల దండ తీసి ఆవిడ చేతిలో పెట్టారు. నువ్వుల నూనె మాత్రం అప్పటికప్పుడు గానుగ దగ్గరికి మనిషిని పంపి తెప్పించారు.

సింహాసనపు సింహానికి మీసాలు మళ్ళీ దిద్దుతామని చిత్రకారులు వచ్చారు. రాజుగారు వద్దన్నారు. ఆ తర్వాత ఏ ఆజ్ఞ మీదైనా ముద్ర వేయబోయేముందు ఆయన చేయి ఒకసారి ఆ బోడిమూతిని తడిమేది. బిరుదులు చదవడం కూడా సగానికి తగ్గించారు. భట్టుగారు సంతోషించారు.

జన్మదినపు బుడ్డీలు ఆ పౌర్ణమికి పంచలేదు. మంచినూనె తీయించి, మరుసటి పౌర్ణమికి ఇంటింటికీ పంచారు. అక్కమాంబ ఇంటికీ ఒకటి వచ్చింది. బుడ్డి మీద సింహం చింతగింజంత ఉంది. దాని కింద నిండా అక్షరాలే.

ఆవిడ అంతా చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. చెప్పిన ప్రకారమే నువ్వుల నూనెలో కలిపింది. అప్పుడు కూడా పిల్లను ముట్టుకోలేదు. తన మోచేతి మడతలో ఒక చుక్క వేసుకుని, గడప మీద కూర్చుంది.

చంద్రి వచ్చి పక్కన కూర్చుంది. తల్లి చేయి వాసన చూసింది.

"మలువం" అంది.

"ఊఁ" అంది అక్కమాంబ. చేయి చల్లగానే ఉంది. అయినా ఆవిడ ఇంకాసేపు కూర్చుంది.